బ్యాటరీ సిద్ధమైన కథ

లారీ తాళం తిప్పగానే ఇంజను అందుకుంటే, ఆ బలం 1859 నాటి ప్రయోగానిది. ఆ ఏడాది ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు గాస్తోఁ ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య రబ్బరు పట్టీలుంచి, చుట్టగా చుట్టి, నీరు కలిపిన గంధకామ్లంలో ముంచాడు. మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయగల తొలి బ్యాటరీ అదే. అయితే రేకులు పనికి సిద్ధం కావడానికి నెలలు పట్టేది. 1881లో కామీ ఫోర్ పలకలకు సీసపు ఆక్సైడు ముద్ద పూసి ఆ గడువును బాగా తగ్గించాడు. 1912లో కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది.

నేటికీ పొడిగా వచ్చే బ్యాటరీలో ఆసిడ్ పోశాక పలకలు నానాలి, ఆపైన ఛార్జి చేయాలి. ఆసిడ్ పలచన చేసేటప్పుడు నీటిలోకే ఆసిడ్ పోయాలి. ఆసిడ్‌లో నీరు పోస్తే కుతకుత ఉడికి కళ్ళలోకి చిమ్ముతుంది. వాడకంలో మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయండి. తరిగేది నీరే గాని ఆసిడ్ కాదు. ఛార్జి అవుతున్న చోట బీడీ వెలిగించకండి. అక్కడ వెలువడే హైడ్రోజన్ భగ్గున మండుతుంది.