దంతక్రమ చికిత్స : ప్రశ్నల వెనుకనున్న చరిత్ర

రాయపూరు నగరమునకు ఉత్తరమున ఆనుకొనియున్న బీర్‌గావ్ నేడు కర్మాగారముల పట్టణము. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931 నాటికి పూర్తియైన పిమ్మట, ఉత్తరాంధ్రమునుండి తెలుగువారు ఆ దారినే ఈ సీమకు విరివిగా వచ్చిరి. రైల్వే పనులకు వచ్చినవారు కొందరు. తరువాత భిలాయి ఉక్కు కర్మాగారమునకును, ప్రభుత్వ కార్యాలయములకును వచ్చినవారు మరికొందరు. ఇట్లు స్థిరపడిన మన కుటుంబములలో ఈనాడు తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "పిల్లకు పండ్లు ఎత్తుగా నున్నవి, తీగ కట్టింపవలెనట." ఆ మాట వెంటనే ప్రశ్నలు బయలుదేరును. నొప్పి కలుగునా? మంచి పండ్లు పీకివేయుదురా? ఎన్నాళ్ళు పట్టును? వయస్సు మించిపోయినదా? తీగ తీసిన పిదప మరల వంకర పోవునా? అందము కొరకే గదా, ఇంత వ్యయమేల?

ఈ ప్రశ్నలు ఇంటి ముంగిట పుట్టినవే యైనను, వీనికి సమాధానము కనుగొనుటకు వైద్యులకు తరములు పట్టినది. కొన్నింటి విషయమున మహామహులు పరస్పరము విభేదించిరి. గురువును శిష్యుడే కాదనెను. ఆ చరిత్ర కొంత తెలిసినచో తలిదండ్రులు అనవసరముగా భయపడరు, అతిశయోక్తులకు లోబడరు. ఆ ఉద్దేశముతోనే ఈ వ్యాసము.

మన పూర్వులు ఈ దోషమును ఎరుగకపోలేదు. వాగ్భటుని అష్టాంగహృదయమున దంతరోగములలో 'కరాళము' అనునది యొకటి. వికటములైన దంతములు మొలచుట దాని లక్షణము. రోగనిర్ణయమునకు ప్రసిద్ధమైన మాధవనిదానమును దీనిని పేర్కొని, ఇది కుదురునది కాదని తేల్చివేసినది. తెలుగున 'కరాళ' శబ్దము భయంకరమను అర్థమున స్థిరపడినది. రాక్షసులను వర్ణింపవలసినపుడు కవులు 'కరాళదంష్ట్ర' లను తలచుట పరిపాటి. ఈ విధముగా పలువరుస వంకర ఒకవంక అసాధ్యరోగమై, మరొకవంక వికృతరూపమునకు గుర్తుయైనది. ఎత్తుపండ్ల బిడ్డను తోటిపిల్లలు వెక్కిరించుటయు, "రాత అట్లున్నది" అని పెద్దలు ఊరకుండుటయు ఈ రెండు భావముల నీడలే.

పశ్చిమమున ఇందుకు భిన్నమైన ఆలోచన యొకటి క్రీస్తుశకము మొదటి శతాబ్దముననే కనబడుచున్నది. పాలపన్ను ఊడకమునుపే కొత్తపన్ను మొలచినచో, పాతదానిని తీసివేసి కొత్తదానిని ప్రతిదినము వ్రేలితో దాని చోటికి నెట్టవలెనని రోమను గ్రంథకర్త సెల్సస్ వ్రాసెను. చిన్న ఉపాయమే, కాని పన్ను కదలునను మూలసత్యము అందు కలదు. 1728లో పారిస్ నగరమున పియేర్ ఫోషార్ దంతవైద్యముపై తన బృహద్గ్రంథమును ప్రకటించెను. లోహపు రేకును గుర్రపునాడా ఆకారమున వంచి, దానికి వంకరపండ్లను దారముతో కట్టి, మెల్లగా వరుసకు తెచ్చు పద్ధతిని అతడు వివరించెను. నేటి తీగకు అది ముత్తాత వంటిది.

ఈ విద్యకు శాస్త్రరూపమిచ్చినవాడు అమెరికా దేశీయుడగు ఎడ్వర్డ్ యాంగిల్ (1855–1930). ఆరేండ్ల ప్రాయమున మొలచు మొదటి పెద్ద దవడపంటిని ఆధారముగా గొని, పై దవడ క్రింది దవడల పొందికను మూడు తరగతులుగా 1899లో అతడు విభజించెను. ఆ విభజన నేటికిని వాడుకలో నున్నది. 1900లో సెయింట్ లూయిస్ నగరమున దంతక్రమ చికిత్సకే ప్రత్యేకముగా పాఠశాల నెలకొల్పెను. దంతవైద్యమున మొట్టమొదట వేరుపడిన ప్రత్యేకశాఖ ఇదియే.

ఇక ప్రశ్నలకు వత్తము. మొదటిది నొప్పి. ఎముకలో నాటుకొనియున్న పన్ను ఎట్లు కదలును? స్వీడను దేశస్థుడగు కార్ల్ సాండ్‌స్టెట్ కుక్కల దంతములపై ప్రయోగములు చేసి 1904లో దీనిని వెల్లడించెను. పన్ను ఏ వైపునకు ఒత్తబడునో ఆ వైపు ఎముక కరగును. వెనుకవైపున కొత్త ఎముక చేరును. అనగా పన్ను ఎముకను చీల్చుకొని పోదు. ఎముకయే దారి యిచ్చుచు వెనుక పూడ్చుకొనుచుండును. బలము మితిమీరినచో అచ్చటి రక్తనాళములు నలిగి, కదలిక వేగపడుటకు బదులు నిలిచిపోవును. గట్టిగా బిగించినచో త్వరగా ముగియునను నమ్మకము ఈ కారణముచేతనే తప్పు. తీగ కట్టిన పిదపను, సరిచేయించుకొన్న ప్రతిసారియు రెండు మూడు దినములు నమలునపుడు నొప్పి యుండుట సహజము. అది క్రమముగా తగ్గును.

కాలక్రమమున సాధనములును మృదువైనవి. పూర్వము ప్రతి పంటికిని లోహపు పట్టీ చుట్టవలసి యుండెడిది. 1955లో మైకేల్ బ్యూనోకోర్ పంటి పైపొరను ఆమ్లముతో స్వల్పముగా గరుకు చేసినచో జిగురుపదార్థము దానికి గట్టిగా అంటునని కనుగొనెను. ఆ మార్గమున 1970ల తరువాత చిన్న బిళ్ళలను నేరుగా పంటికే అతికించుట వ్యాప్తిలోనికి వచ్చినది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టిన నికెల్, టైటానియముల మిశ్రలోహము వంచినను తన పూర్వరూపమునకు తానే మరలునది. 'నిటినాల్' అను దాని పేరులో ఆ రెండు లోహముల పేర్లును, ఆ ప్రయోగశాల పేరును ఇమిడియున్నవి. 1970ల ఆరంభమున జార్జి ఆండ్రియాసెన్ దానిని పండ్ల తీగగా ప్రవేశపెట్టగా, తక్కువ బలమును ఎక్కువకాలము ఇచ్చు సాధనము చేతికందెను.

రెండవ ప్రశ్న అన్నిటికన్న వివాదాస్పదమైనది: మంచి పండ్లు ఏల పీకవలెను? యాంగిల్ ఇందుకు బద్ధవిరోధి. ప్రకృతి యిచ్చిన పండ్లన్నిటికిని నోటిలో చోటు కలదనియు, వానిని సరిగా అమర్చినచో ఎముకయే పెరుగుననియు అతని విశ్వాసము. చోటు చాలనివారికి కొన్నింటిని తీయక తప్పదని కాల్విన్ కేస్ వాదించెను. 1911లో ఈ విషయమై జరిగిన వాదోపవాదములు దంతవైద్యచరిత్రలో ప్రసిద్ధములు. నాటికి యాంగిల్ పక్షమే గెలిచినది. కాని అతని శిష్యుడే యైన చార్లెస్ ట్వీడ్, గురువు చెప్పినట్లు చికిత్స చేసిన తన రోగులలో పలువురకు పండ్లు మరల వంకరపోవుటయో, ముందుకు పొడుచుకొనివచ్చుటయో గమనించెను. వారికి నాలుగు చిన్న దవడపండ్లను తీసి ఉచితముగా మరల చికిత్స చేసి, అట్టి నూరుగురి ఫలితములను 1940లో సాటివైద్యుల ఎదుట ఉంచెను. ఆస్ట్రేలియాలో రేమండ్ బెగ్ అను మరియొక శిష్యుడును అదే నిర్ణయమునకు వచ్చెను. తాను నేర్చినదానిని తన రోగుల నోళ్ళతో పరీక్షించి చూచుకొనుట ట్వీడ్ చూపిన నిజాయితీ.

అటుపిమ్మట కొంతకాలము పండ్లు తీయుట మితిమీరి, మరల తగ్గినది. నేడు ఈ విషయమున అందరికిని ఒకే నియమము లేదు. దవడలో చోటెంత, పండ్ల వెడల్పెంత, పెదవులు ఎట్లున్నవి అని కొలిచి నిర్ణయింతురు. తలను స్థిరముగా నిలిపి ప్రక్కనుండి ఎక్స్‌రే తీయు పద్ధతిని 1931లో హోలీ బ్రాడ్‌బెంట్ ప్రకటించిన నాటినుండి ఈ కొలతలకు ఆధారము చిక్కినది. కనుక తలిదండ్రులు "పీకుదురా?" అని మాత్రమే అడుగక, "ఏ కొలతను బట్టి?" అని అడుగుట మేలు.

కాలమును గురించి ఒక చిన్న లెక్క చెప్పవచ్చును. పన్ను సుమారు నెలకొక మిల్లీమీటరు చొప్పున కదలును. తీసిన చిన్న దవడపంటి వెడల్పు ఏడు మిల్లీమీటర్లు. ఆ సందు పూడుటకే ఏడు నెలలు కావలెను. దానికి ముందు వరుస సరిచేయుటకును, తరువాత పై పండ్లు క్రింది పండ్లు పొసగించుటకును కాలము కలిపినచో ఏడాదిన్నర మొదలు రెండేండ్లు తేలును. కష్టమైన వానికి ఇంకను ఎక్కువ. ఆరునెలలలో అన్నియు కుదుర్తుమను ప్రకటన కనబడినపుడు ఈ లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

వయస్సు మాటకు వచ్చినచో రెండు విషయములను వేరుచేయవలెను. పన్ను కదలుటకు వయోనియమము లేదు. ఎముకయు చిగుళ్ళును ఆరోగ్యముగా నున్నచో నలుబదియేండ్లవారికిని చికిత్స చేయవచ్చును. కాని దవడల పెరుగుదలను సవరించుట ఎదిగెడి వయస్సుననే సాధ్యము. ఎదుగుదల ముగిసిన తరువాత దవడయే వెనుకనో ముందునో ఉన్నచో తీగ చాలదు, శస్త్రచికిత్స కావలెను. అందుచేత బిడ్డకు ఏడేండ్లు నిండునప్పటికి ఒకసారి నిపుణునికి చూపుమని అమెరికా దంతక్రమ వైద్యసంఘము సలహా యిచ్చుచున్నది. చూపుమనుటయే గాని అప్పుడే తీగ కట్టుమనుట కాదు. మన యిండ్లలో ఆడపిల్లకు పెండ్లిచూపులు దగ్గరపడినపుడు గాని ఈ సంగతి తలపునకు రాదు. మగపిల్లవానికి ఆ తలపే రాదు. రెండును పొరపాట్లే. పాలపండ్లు ఎట్లును ఊడునవేయని వానిని పుచ్చిపోనిచ్చుటయు అట్టిదే. పాలదవడపన్ను ముందుగా ఊడినచో వెనుకటిది ముందుకు జరిగి, కొత్తపంటి చోటును ఆక్రమించును.

మరల వంకర పోవునా? పోవచ్చును. ఈ సమాధానము రుచింపకున్నను సత్యము. పన్నును చిగురుతో కట్టియుంచు నారలు కొత్తచోటికి అలవాటుపడుటకు ఏడాది వరకు పట్టును. అందుకే చార్లెస్ హాలీ 1919లో, తీసి పెట్టుకొనదగిన ఒక నిలుపుడు సాధనమును వర్ణించెను. అది నేటికిని వాడబడుచున్నది. అమెరికాలోని సియాటిల్ నగర పరిశోధకులు, చిన్న దవడపండ్లు తీసి చికిత్స చేసినవారిని నిలుపుడు సాధనము మానిన పదేండ్ల తరువాత పరీక్షించి, క్రింది ముందరిపండ్ల వరుస తృప్తికరముగా నిలిచినది నూటికి ముప్పదిమంది కన్న తక్కువవారికేయని 1981లో వెల్లడించిరి. కనుక తీగ తీసిననాడు చికిత్స ముగిసినదని తలపరాదు. వైద్యుడు చెప్పినంతకాలము నిలుపుడు సాధనమును ధరింపవలెను.

చివరిది, అందము కొరకే గదా యను ప్రశ్న. బయటికి పొడుచుకొనివచ్చిన పై పండ్లు, బిడ్డ పడినపుడు విరుగు ప్రమాదము ఎక్కువ. ఒకదానిపై నొకటి ఎక్కిన పండ్లను శుభ్రపరచుట కష్టము. కొందరికి కొరుకుటయే కుదరదు. అయినను ప్రతి వంకరకును చికిత్స అక్కరలేదు. బ్రిటను దేశమున 1989లో ప్రకటింపబడిన అవసరసూచిక దోషములను ఐదు శ్రేణులుగా విభజించినది. తీవ్రమైన చివరి రెండు శ్రేణుల పిల్లలకును, మూడవశ్రేణిలో కొందరికిని మాత్రమే అచ్చటి ప్రభుత్వము తన వ్యయముతో చికిత్స చేయించును. అవసరమును అభిలాషనుండి వేరుచేయుట ఎట్లో ఇది చూపుచున్నది. పేదబిడ్డకు అవసరమైన చికిత్స విలాసమనిపించుకొనరాదు. కలవారి బిడ్డకు అక్కరలేనిది అవసరముగా అమ్మబడరాదు.

మన దేశమున 1948 నాటి దంతవైద్యుల చట్టము ఈ వృత్తికి నియమములేర్పరచినది. 1965లో భారత దంతక్రమ వైద్యసంఘము ఏర్పడినది. తెలుగునాట హైదరాబాదు ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959 నాటిది. ఛత్తీస్‌గఢ్ 2000లో ప్రత్యేక రాష్ట్రమైన పిమ్మట, 2003లో రాయపూరున ప్రభుత్వ దంతవైద్య కళాశాల వెలసినది. బీర్‌గావ్ కార్మికునకు నేడు అది ఊరిప్రక్కనే యున్నట్లు. దంతవైద్యపట్టము పొందిన తరువాత మరి మూడేండ్లు ఈ శాఖయందే చదివినవారు దంతక్రమ నిపుణులు. ఆ యోగ్యతను అడిగి తెలిసికొనుట రోగి హక్కు.

తీగ ఉన్నన్నాళ్ళు ఇంటివారి పాలును కొంత కలదు. చెరకుగడలు, చేగోడీలు, వేరుసెనగ ఉండలు, ఇచ్చటి పండుగలకు చేయు ఠేఠరీ, ఖుర్మీ వంటి గట్టి పదార్థములను మానవలెను. అతికించిన బిళ్ళలు ఊడినచో నెలలు వృథాయగును. తిన్న ప్రతిసారియు పండ్లు శుభ్రపరచవలెను. లేనిచో తీగ తీసినపుడు వరుస చక్కబడినను పండ్లపై తెల్లని మచ్చలు మిగులును.

కుదరదని మన పూర్వులు వదలిన కరాళము నేడు కుదురుచున్నది. ఒక్కని మేధచే గాక, ఒకరి తప్పును మరియొకరు దిద్దుచు వచ్చినందుననే అది సాధ్యమైనది. ఇచ్చట మనకు కొరతపడునది విద్య గాదు, వైద్యశాలయు గాదు; సకాలమున బిడ్డ నోరు తెరచి చూచు శ్రద్ధయే. ఏడేండ్లు నిండిన బిడ్డ యున్న ప్రతి యింటను, ఆడుబిడ్డయైనను మగబిడ్డయైనను, ఆ శ్రద్ధ కలుగుగాక.