సున్నపుబట్టీయు నమరావతీశిలలును

సంస్కృతమున సుధ యనఁగా నమృతము, సున్నమును సుధయే. సుధచేఁ బూయఁబడినది గావున మేడ సౌధమయ్యెను. మన సున్నమను మాట చూర్ణశబ్దభవము.

అమరావతీస్తూపమునకుఁ దొడిగిన పలకలు పల్నాటిఱాతివి. వానిని పాలఱాళ్ళందురు గాని యవి సున్నపుఱాళ్ళే. ఇట్టిఱాతిని గనినుండి త్రవ్వి, పగులఁగొట్టి, కట్టెలతో వరుసలుగాఁ బేర్చి బట్టీయందు రమారమి 900 డిగ్రీల వేఁడిమిలోఁ గాల్తురు. శుద్ధశిల 100 పాళ్ళలో 44 పాళ్ళు వాయువై పోవును. 56 పాళ్ళు పొడిసున్నముగా మిగులును. నీరు చల్లఁగా నది విరిసి పిండియగును. దాని నిసుకతోఁ గలిపి గానుగలో నూఱినచో గచ్చు సిద్ధమగును.

ఇందు గనిపనియే మిక్కిలి శ్రమ. కావునఁ బాడుపడిన స్తూపము సున్నము కాల్చువారికి సిద్ధమైన గనియయ్యెను. 18వ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడుగా రమరావతిని గట్టించునపుడు శిల లూడఁదీయఁబడెను. 1797లోఁ జూచిన మెకంజీ 1816లో మరల వచ్చునప్పటికి వినాశము పెరిగియుండెను. కొన్నిశిలలు కట్టడములఁ జేరెను. అనేకములు కాలి సున్నమయ్యెను.

దోషము వృత్తివారిది మాత్రమే కాదు. బ్రాహ్మీలిపిని ప్రిన్సెప్పు చదివినది 1837లో. అంతకు మున్ను పండితులకు సైత మది వట్టిగీఁతలే. మిగిలిన యొకశిలపై వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 'నాగబు' అను పదమును గుర్తించిరి. ప్రాచీనతమాంధ్రపదములలో నిది యొకటి. ఆశిలయు బట్టీఁ బడియుండినచో నీపదము మనకు దక్కెడిది కాదు. కావున గ్రామమున లిఖితశిల కనఁబడినప్పుడు, చదువరాకున్నను, వెంటనే ప్రతి యెత్తికొనుట పండితుల విధి.