వరసగా రాసే పుస్తకానికి తాళం

నందిగామ, జగ్గయ్యపేట మెట్టప్రాంతపు ఊళ్లలో సర్కారు రిజిస్టర్ల కంటే ముందున్నవి కరణాల కవిలెలు. ఊరి పుట్టుక, ఎల్లలు, మాన్యాలు, శిస్తులు తరతరాలుగా వాటిలో చేరుతూ వచ్చేవి. 18వ శతాబ్దం చివరా 19వ శతాబ్దం మొదటా కావలి సోదరులు, ఇతర సహాయకులు ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం ఊళ్ల కైఫీయత్తులు (స్థానిక చరిత్రలు) పోగుచేసినప్పుడు ఆధారపడినవాటిలో ఇవి ముఖ్యమైనవి. కొత్త సంగతి పాతదాని కింద చేరుతుంది. కావలసింది దొరకాలంటే ముందునుంచి చదువుకుంటూ రావాలి. కంప్యూటరు భాషల్లో సీక్వెన్షియల్ ఫైలు అనేది కూడా ఇలాంటిదే. అలాంటి పుస్తకాన్ని ఎవరు తెరవాలి, ఎందుకు తెరవాలి, తెరిచి ఉన్నంతసేపు మిగతావాళ్లు ఏం చేయాలి అన్న ప్రశ్నలు కంప్యూటరుకు చాలా ముందువి.

కవిలె విషయంలో జవాబు సులువు. రాసేది ఒక్కడే, దాచేది అతని ఇంట్లోనే. ఇద్దరు ఒకేసారి రాసి లెక్క చెడగొట్టే ప్రమాదం లేదు. కష్టమంతా చదవదలచినవాళ్లది. అడంగల్ అనే సాగు లెక్కలో తన పొలం ఎవరి సాగులో నమోదైందో తెలియాలంటే రైతు కరణం గుమ్మం తొక్కక తప్పేది కాదు. ఏడాదికోసారి జమాబందీలో పైఅధికారి లెక్కలు తనిఖీ చేసేవాడు, అంతే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఇదే ప్రాంతంలోని వత్సవాయి మండల కేంద్రమై, చుట్టుపక్కల ఊళ్ల రెవెన్యూ రికార్డుకు పైకార్యాలయం అక్కడ ఏర్పడింది.

వరస పుస్తకానికి పకడ్బందీ చట్టం మాత్రం రెవెన్యూ శాఖది కాదు, రిజిస్ట్రేషన్ శాఖది. 1864 నాటి తొలి చట్టం తర్వాత పలుమార్లు మారి, ఇప్పటికీ నడుస్తున్న 1908 చట్టంలో పుస్తకం మీద పెట్టిన కట్టుబాట్లు ప్రోగ్రామర్లు చదవదగ్గవి. పుటల సంఖ్యలు ముందే అచ్చువేసి ఉండాలి. మొత్తం ఎన్ని పుటలో మొదటి పుటలోనే ధ్రువీకరించాలి. ఒక్క ఆకు చిరిగినా తెలిసిపోతుంది. దస్తావేజులను స్వీకరించిన వరసలోనే నకలు చేయాలి. నంబర్లు ఏడాదితో మొదలై ఏడాదితో ముగియాలి. పుస్తకాలు పెట్టుకోవడానికి నిప్పంటని పెట్టెను ప్రభుత్వమే ఇవ్వాలి. నకలు ఏ పుస్తకంలో ఏ పుటన ఉందో అసలు దస్తావేజు మీద రాసి, ఆ రాతను పుస్తకం అంచున కూడా నకలు చేశాకే రిజిస్ట్రేషన్ పూర్తయినట్టు. దస్తావేజును తిరిగి ఇచ్చేది ఆ తర్వాతే. ఫైలును మూయనిదే పని అయినట్టు కాదన్న నియమం ఇక్కడ నూరేళ్ల కిందటే ఉంది. ఏదో అభ్యంతరంతో ఆగిన కాగితానికి పెండింగ్ నంబరు వేసి పక్కన పెడతారు, వెనకున్నవాళ్ల పని ఆగకుండా.

చదివే హక్కు ఒక్కో పుస్తకానికి ఒక్కో తీరు. స్థిరాస్తి దస్తావేజులకు 1వ పుస్తకం, వీలునామాలకు 3వది, ఇతరత్రా వాటికి 4వది. రుసుము కట్టినవారెవరైనా 1వ పుస్తకాన్ని, దాని సూచికలను చూడవచ్చు. 3, 4లకు ఆ స్వేచ్ఛ లేదు. పేర్ల సూచిక, ఆస్తుల సూచిక వేరువేరుగా ఉండేవి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కావాలంటే గుమాస్తా ఆ సూచికలనే ఏడాది తర్వాత ఏడాదిగా తిరగేసేవాడు. అంటే వరసను దాటవేయడానికి పెట్టిన సూచికను కూడా వరసగా చదవక తప్పలేదు.

కంప్యూటర్లలో ఇలాంటి కట్టుబాటు అయస్కాంత టేపుల కాలంలోనే కనిపిస్తుంది. టేపు చుట్టకు ప్లాస్టిక్ ఉంగరం తగిలిస్తేనే యంత్రం దానిమీద రాసేది, తీసేస్తే చదవడమే. వేలితో తీసి పెట్టే తాళం అది. 1960లో వచ్చిన కోబాల్ భాషలో ఫైలును చదవడానికి, కొత్తగా రాయడానికి తెరిచే మాటలున్నాయి. చివర చేర్చడానికి తెరిచే ఎక్స్‌టెండ్ 1974 ప్రమాణంతో చేరింది. ఐబీఎం ఓఎస్/360లో పని మొదలుకాకముందే ఓల్డ్ అంటే ఫైలు ఒక్కరికే, షేర్ అంటే పదిమందికీ, మాడ్ అంటే చివర చేర్చడానికి, అదీ ఒక్కరికే అని చీటీలో రాసి ఇవ్వాలి.

చిన్న కంప్యూటర్ల కాలంలో ఆ చీటీ ప్రోగ్రాములోకే వచ్చింది. క్విక్ బేసిక్, విజువల్ బేసిక్‌ల ఓపెన్ వాక్యంలో ఇన్‌పుట్, అవుట్‌పుట్, అపెండ్ అన్నవి తెరిచే పద్ధతులు. లాక్ రీడ్, లాక్ రైట్, షేర్డ్ అన్నవి ఇతరులకిచ్చే అనుమతులు. అవుట్‌పుట్ పాత ఫైలును తుడిచేస్తుంది. కొత్త ప్రోగ్రామర్లు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒకే ప్రోగ్రాములో ఒక ఫైలును చదవడానికి రెండు నంబర్లతో తెరవవచ్చు, అపెండ్‌తో తెరిచినదాన్ని మాత్రం మూసేదాకా మళ్లీ తెరవలేరు. సీక్వెన్షియల్ ఫైలులో ఫలానా పంక్తికే తాళం వేయమని అడిగినా మొత్తం ఫైలుకే పడుతుంది. పంక్తులన్నీ ఒకే పొడవు కాకపోతే ఎక్కడ ఏది మొదలవుతుందో వెతక్కుండా తెలియదు కదా. యూనిక్స్‌లోని ఫ్లాక్ తాళం ఇంకో రకం. మిగతా ప్రోగ్రాములు కూడా తాళం ఉందేమోనని అడిగితేనే అది పనిచేస్తుంది. అడగకుండా రాసేవాణ్ణి ఆపదు. గట్టి కట్టుబాటు లేని ఊళ్లో పెద్దమనిషి మాటలాంటిదే అది.

1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ పథకాన్ని మొదలుపెట్టింది. చేతి నకళ్ల స్థానంలో స్కాన్ చేసిన ప్రతులు, గుమాస్తా తిరగేసే సూచికల స్థానంలో డేటాబేస్ వచ్చాయి. కంప్యూటరుకెక్కిన ఏళ్లకు ఇప్పుడు ఈసీ కోసం పుటలు తిప్పనక్కర్లేదు. సర్వే నంబరులాంటి వివరాలు ఇస్తే చాలు. రెండు బల్లల దగ్గర ఒకేసారి పని నడిచినా డేటాబేస్‌లో సాధారణంగా ఒక్కో రికార్డుకే తాళం పడుతుంది, పుస్తకమంతటికీ కాదు. దస్తావేజు నంబరు మాత్రం చట్టం చెప్పినట్టు ఇంకా వరసదే. ఒక నంబరు ఇద్దరికి పోకుండా, అది ఇచ్చే క్షణంలో రెండో బల్ల ఆగక తప్పదు.