నల్గొండ, మహబూబ్‌నగర్ రైలు మార్గాలు: ట్రాక్‌మ్యాన్ సేఫ్‌గా ఉంటేనే ప్రయాణికుడూ సేఫ్.. ఎందుకో తెలుసా?

నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, షాద్‌నగర్ నుంచి చదువు కోసం, ఉద్యోగం కోసం రోజూ హైదరాబాద్‌కు రైల్లో వెళ్లొచ్చేవాళ్లు ఎందరో. రైలు ఎక్కాక టైమ్‌కు చేరుతామా, సీటు దొరుకుతుందా అన్నదే ఆలోచన. అయితే ఈ రెండు మార్గాల్లో జరిగిన రెండు ఘోర ప్రమాదాలు ఇంకో విషయం చెబుతున్నాయి. రైల్లో కూర్చున్నవాళ్ల ప్రాణం, వానలో పట్టాల వెంట నడిచే ట్రాక్‌మ్యాన్ ప్రాణం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఆ వివరాలేంటో చూద్దాం.

రెండు ప్రమాదాలు.. రెండింటికీ వరదే కారణం

1956 సెప్టెంబరు 2. అప్పటికి ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వరదకు వంతెన దెబ్బతింది. రైలు వెళ్తుండగా కూలిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామాకు సిద్ధపడ్డారు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మరో ప్రమాదం జరగడంతో ఈసారి శాస్త్రి రాజీనామా చేసి తప్పుకున్నారు.

2005 అక్టోబరు 29. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ తెల్లవారుజామున వలిగొండ దగ్గర ప్రమాదానికి గురైంది. అప్పుడు అది నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. భారీ వానలకు ఎగువన చెరువు తెగి, ఆ వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయింది. చీకట్లో అటుగా వచ్చిన రైలు బోగీలు నీళ్లలో పడ్డాయి. 110 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

చెరువుకూ రైలుకూ లింకేంటి?

ఈ ప్రాంతం మెట్ట నేల. కాకతీయుల కాలం నుంచీ ఇక్కడ గొలుసుకట్టు చెరువులే వ్యవసాయానికి ఆధారం. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి వస్తాయి. పై చెరువు తెగితే మాత్రం ఆ దెబ్బ కింది చెరువుల మీద కూడా పడుతుంది. ఈ వాగుల మధ్య నుంచే రైల్వే కట్ట వెళ్తుంది. దాని కింద ఉండే చిన్న వంతెనలు, తూములు మామూలు వాననీటికి సరిపోతాయి కానీ, ఒక్కసారిగా మీద పడే వరదను తట్టుకోవడం కష్టం.

అందుకే రైలు మార్గానికి ముప్పు తెచ్చే చెరువులకు రైల్వే ప్రత్యేకంగా జాబితా పెట్టుకుంటుంది. వానాకాలానికి ముందు రాష్ట్ర నీటిపారుదల శాఖతో కలిసి వాటిని తనిఖీ చేయాలన్నది నిబంధన. కట్ట బలంగా ఉందా, అలుగు సరిగా ఉందా, తూము పనిచేస్తోందా అన్నవి అక్కడ చూడాల్సిన అంశాలు.

2024లో ఏం మారింది?

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కుండపోత వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయాయి. పట్టాలు గాల్లో వేలాడాయి. ఇది మహబూబాబాద్ జిల్లా, మహబూబ్‌నగర్ కాదు. ఇక్కడ కూడా చెరువు నీళ్లే పట్టాల మీదికి వచ్చాయి. కానీ గస్తీలో ఉన్న రైల్వే సిబ్బంది రాత్రే గమనించి సమాచారం ఇచ్చారు. రైళ్లను ముందే ఆపేశారు. ఒక్క ప్రయాణికుడికి కూడా ఏమీ కాలేదు.

రాత్రి గస్తీ ఎలా చేస్తారు?

వానాకాలంలో ట్రాక్‌మెన్ తమకిచ్చిన బీట్‌లో రాత్రంతా నడుస్తారు. చేతిలో రంగులు మార్చే సిగ్నల్ లైటు, ఎర్ర జెండా, విజిల్, డిటోనేటర్లు ఉంటాయి. డిటోనేటర్ అంటే పట్టా మీద బిగించే టపాకాయ లాంటిది. ఇంజిన్ చక్రం ఎక్కగానే పెద్ద శబ్దంతో పేలి లోకో పైలట్‌ను హెచ్చరిస్తుంది.

పట్టా తెగినట్టు కనిపిస్తే బ్రాడ్‌గేజ్ మీద పాటించే లెక్క ఇదీ: ప్రమాద స్థలం నుంచి 600 మీటర్ల దూరంలో ఒక డిటోనేటర్, 1,200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. అంటే ఆ చీకట్లో, వానలో, రైలు వచ్చే దిక్కుకే కిలోమీటరుకు పైగా పరుగెత్తాలి. వేగంగా వచ్చే రైలు ఆగడానికి అంత దూరం కావాలి.

గస్తీ మనిషి టైమ్‌కు స్టేషన్‌కు చేరకపోతే దాన్నే ప్రమాద సూచనగా తీసుకుంటారు. ఆ సెక్షన్‌లో రైళ్లను జాగ్రత్త ఆదేశాలతో నెమ్మదిగా నడుపుతారు.

వేగం పెరిగింది, తప్పుకునే టైమ్ తగ్గింది

సికింద్రాబాద్-మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ పనులు పూర్తయ్యాయి. 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. నల్గొండ మీదుగా తిరుపతికి, మహబూబ్‌నగర్ మీదుగా యశ్వంత్‌పూర్‌కు వందేభారత్ రైళ్లు అదే ఏడాది మొదలయ్యాయి. 239 కిలోమీటర్ల గుంటూరు-బీబీనగర్ డబ్లింగ్‌కు 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది.

ప్రయాణికులకు ఇది మంచి వార్తే. పట్టాల మీద పనిచేసేవాళ్లకు మాత్రం రిస్క్ పెరిగింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 30 మీటర్లు దూసుకొస్తుంది. కిలోమీటరు దూరంలో కనిపించిన రైలు దాదాపు 33 సెకన్లలో మీద ఉంటుంది. ఆలోపే పనిముట్లు తీసి పక్కకు తప్పుకోవాలి. డబుల్ లైన్‌లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక రైలు వస్తోందని పక్క పట్టా మీదికి జరిగితే, ఎదురు దిక్కు నుంచి మరో రైలు రావచ్చు.

2012లో అనిల్ కకోద్కర్ కమిటీ నివేదిక ప్రకారం, 2007-08 నుంచి 2011 అక్టోబరు వరకు డ్యూటీలో దాదాపు 1,600 మంది రైల్వే సిబ్బంది చనిపోయారు. రైలు వస్తోందని శబ్దం, వైబ్రేషన్‌తో ముందే హెచ్చరించే ‘రక్షక్’ పరికరం ఇలాంటి మరణాలను ఆపడానికే. గ్యాంగ్ పనిచేసే చోట రైలును చూసి హెచ్చరించడానికే ఒక మనిషిని ప్రత్యేకంగా కేటాయించడం కూడా అంతే ముఖ్యం.

కవచ్ ఉంటే సరిపోతుందా?

2019 నవంబరు 11న కాచిగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు, కర్నూలు నుంచి వచ్చిన హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొట్టింది. ప్రయాణికులు గాయాలతో బయటపడ్డారు. క్యాబిన్‌లో గంటల తరబడి ఇరుక్కుపోయిన ఎంఎంటీఎస్ లోకో పైలట్ తర్వాత ఆస్పత్రిలో చనిపోయారు.

ఇలా రెండు రైళ్లు ఢీకొనకుండా ఆపడానికే కవచ్ వ్యవస్థ. రెడ్ సిగ్నల్ దాటబోతే దానంతట అదే బ్రేక్ వేస్తుంది. మహబూబ్‌నగర్ మీదుగా వెళ్లే సీతాఫల్‌మండి-కర్నూలు-గుంతకల్ సెక్షన్‌లో దీన్ని ఏర్పాటు చేశారు. కానీ ముందు వంతెన కొట్టుకుపోయిందన్న సంగతి కవచ్‌కు తెలియదు. అది చూసి చెప్పాల్సింది మనిషే.

ప్రయాణికులు, ఊరివాళ్లు ఏం చేయాలి?

- చెరువు కట్టకు బుంగ పడినా, పట్టాల మీదికి నీళ్లు వస్తున్నా వెంటనే 139కి ఫోన్ చేయాలి. దగ్గరి గేట్‌మ్యాన్‌కు లేదా స్టేషన్‌కు చెప్పాలి.
- రైలు వచ్చేస్తుంటే పట్టాల మధ్యలోకి వెళ్లొద్దు. పక్కన నిలబడి పగలైతే రెండు చేతులు పైకెత్తాలి లేదా ఏదైనా గుడ్డ గట్టిగా ఊపాలి. రాత్రయితే టార్చ్ లైటు అటూ ఇటూ ఊపాలి. లోకో పైలట్లు దీన్ని ప్రమాద సంకేతంగా తీసుకుంటారు.
- గేటు పడ్డాక బండి దూర్చొద్దు. పట్టాలు దాటడానికి ఫుట్‌ ఓవర్‌ బ్రిడ్జే వాడాలి.
- ఫుట్‌బోర్డు మీద వేలాడొద్దు. గ్యాస్ సిలిండర్, పెట్రోలు, టపాకాయలు రైల్లో తీసుకెళ్లడం నేరం.
- పైన తీగల్లో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. బోగీ పైకి ఎక్కడం, పొడవాటి కర్రలతో పట్టాల దగ్గర కొమ్మలు కొట్టడం ప్రాణాంతకం.
- పట్టాల పక్కన పనిచేస్తున్న సిబ్బంది మీదికి కిటికీ నుంచి సీసాలు, చెత్త విసరొద్దు. ఆ వేగంలో ఖాళీ సీసా కూడా తల పగలగొడుతుంది.

వానాకాలంలో రైలు అర్ధరాత్రి మధ్యలో ఎక్కడో ఆగిపోతే విసుగు రావడం సహజం. ముందు పట్టా ఉందో లేదో చూసి రమ్మని ఒక మనిషిని పంపి ఉండొచ్చు. అతను తిరిగొచ్చి ఓకే చెప్పేదాకా రైలు కదలదు.