వెలుగు ఫ్యాక్టరీలు – 3: జబ్బుకు పేరు పెట్టిందెవరు?



బల్బు గురించి బడిలో మనం చదువుకున్నది ఎడిసన్ పేరు, 1879 అనే సంవత్సరం. అంతే. గడియారాల మీద మెరిసే అంకెలు, ట్యూబులైట్లు, ఆ తర్వాత ఇంటింటికీ వచ్చిన టీవీలు ఎవరి చేతుల మీదుగా బయటికొచ్చాయో ఏ పాఠంలోనూ లేదు. ఈ భాగంలో మూడు ఫ్యాక్టరీల చరిత్ర చెప్తాను. రెండు అమెరికావి, ఒకటి తైవాన్‌ది. వీటిలో ఎక్కువగా పనిచేసింది కూలి కుటుంబాల ఆడపిల్లలు. వాళ్లకు జబ్బు చేసినప్పుడు అసలు గొడవంతా ఒక్కదాని మీదే నడిచింది: కాగితం మీద ఆ జబ్బుకు ఏం పేరు రాయాలి? పరిహారం వస్తుందా రాదా అన్నది ఆ పేరు దగ్గరే తేలిపోతుంది.

మొదటిది న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణం. తర్వాత యూఎస్ రేడియం కార్పొరేషన్ అని పేరు మార్చుకున్న కంపెనీ 1917లో అక్కడ పని మొదలుపెట్టింది. సైనికులు చీకట్లో టైము చూసుకోవడానికి గడియారం అంకెల మీద రేడియం కలిపిన రంగు పూయడం అక్కడి అమ్మాయిల పని. అంకె సన్నగా రావాలంటే బ్రష్షు మొన పదునుగా ఉండాలి. మొనను పెదాల మధ్య పెట్టి సరిచేసుకోమని వాళ్లకు నేర్పారు. అలా రోజుకు ఎన్నిసార్లు నోట్లో పెట్టుకున్నారో లెక్క లేదు. అదే కంపెనీ ప్రయోగశాలలో రేడియం ముట్టుకునేవాళ్లకు మాత్రం సీసపు అడ్డుతెరలు ఉండేవి.

ఒంట్లోకి పోయిన రేడియం కాల్షియం లాగే వెళ్లి ఎముకల్లో చేరుతుంది. అమ్మాయిల పళ్లు ఊడాయి, దవడ ఎముకలు పుచ్చిపోయాయి. 1922లో మాలీ మాజియా అనే 24 ఏళ్ల కార్మికురాలు చనిపోతే, మరణ పత్రంలో రాసిన కారణం సిఫిలిస్. అంటే సుఖరోగం. పని చంపిందని రాయాల్సిన చోట ఆ పిల్ల నడతకు మచ్చ అంటించారు. 1924లో హార్వర్డ్ వైద్యుడు సెసిల్ డ్రింకర్ ఆ ఫ్యాక్టరీని పరిశీలించి ప్రమాదం ఉందని నివేదిక ఇస్తే, కంపెనీ దాన్ని దాచిపెట్టి, అమ్మాయిలంతా ఆరోగ్యంగా ఉన్నారని కార్మిక శాఖకు చెప్పుకుంది. చివరికి 1927లో మాలీ శవాన్ని తవ్వి తీశారు. ఐదేళ్ల తర్వాత కూడా ఆ ఎముకల్లో రేడియం ఉంది. సుఖరోగం జాడ లేదు. గ్రేస్ ఫ్రయర్, మాలీ అక్కచెల్లెళ్లిద్దరు, మరో ఇద్దరు కోర్టుకెక్కారు. గడువు దాటిపోయిందని కంపెనీ వాదించింది. 1928లో రాజీ కుదిరింది: ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్లు, వైద్యం ఖర్చు.

రెండోది మసాచుసెట్స్‌లోని సేలం. అక్కడ సిల్వేనియా కంపెనీ ట్యూబులైట్లు తయారుచేసేది. గొట్టం లోపల పూసే తెల్లటి పొడి ఉంటుంది కదా, ఆ రోజుల్లో అందులో బెరీలియం కలిసేది. 1940లలో ఆ పనిచేసిన అమ్మాయిలకు దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. మనుషులు చిక్కిపోయారు. దీనికి పెట్టిన పేరు 'సేలం సార్కాయిడ్'. సార్కాయిడ్ అంటే కారణం తెలియని జబ్బు. ఊరి పేరు తగిలించారు గానీ ఫ్యాక్టరీ పేరు రానివ్వలేదు. పైగా బెరీలియం దానంతట అది విషం కాదని 1943లో ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ నుంచే నివేదిక వచ్చి ఉంది.

హ్యారియెట్ హార్డీ అనే వైద్యురాలు ఆ రోగులు ఏం పనిచేశారో ఆరా తీసింది. పని మానేసిన చాన్నాళ్లకు కూడా జబ్బు బయటపడుతోందని గమనించింది. 1946లో ఆమె, ఇర్వింగ్ టాబర్షా కలిసి 17 మంది కార్మికుల వివరాలు ప్రచురించారు. 1949లో ట్యూబులైట్ల కంపెనీలు బెరీలియం వాడకం మానుకున్నాయి. ఆమె వాడిన పనిముట్టు ఒక్క ప్రశ్న: నువ్వేం పనిచేశావమ్మా?

మూడోది తైవాన్‌లోని తావోయువాన్. అమెరికన్ కంపెనీ ఆర్‌సీఏ చవక కూలి వెతుక్కుంటూ వెళ్లి, 1970 నుంచి 1992 దాకా అక్కడ టీవీ విడిభాగాలు చేయించింది. భాగాలు కడిగే ట్రైక్లోరోఇథిలీన్ లాంటి ద్రావకాలు భూమిలోకి ఇంకాయి. ఆ నేల కింది నీళ్లే తాము తాగామని కార్మికులు సాక్ష్యం చెప్పారు. విషయం 1994లో బయటపడేసరికి ఫ్యాక్టరీ మూతపడింది. కాన్సర్లు వచ్చినవాళ్లను అడిగిన ప్రశ్న: మా వల్లే వచ్చిందని రుజువేది? ఇక్కడ తప్పుడు పేరు పెట్టే అవసరం కూడా రాలేదు. రుజువు భారం రోగి నెత్తిన పెడితే చాలు. కార్మికులు 1998లో సంఘం పెట్టుకున్నారు, 2004లో కేసు వేశారు. 2015లో మొదటి తీర్పు వాళ్ల వైపు వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు కొందరి విషయంలో దాన్ని ఖరారు చేసి, మిగతావారి కేసులను మళ్లీ విచారణకు పంపింది. ఆ లోపు చాలామంది పోయారు.

ఇదంతా ఎక్కడో జరిగిందని అనుకోకండి. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోయిన మనిషి గురించి 'ప్రమాదవశాత్తు' అని రాసే కలం మనకు తెలియనిది కాదు. శ్రీసిటీలో సెల్‌ఫోన్లు బిగించే లైన్ల మీద ఇవాళ మన ఊళ్ల ఆడపిల్లలే ఉన్నారు.

అందుకే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టంలో మూడో షెడ్యూల్ అని వృత్తి వ్యాధుల జాబితా ఉండేది. పాదరసం, బెరీలియం, రేడియోధార్మిక పదార్థాల వల్ల వచ్చే జబ్బులు అందులో ఉండేవి. అలాంటి పనిలో ఒక యజమాని దగ్గర ఆపకుండా ఆరు నెలలు చేసినవాళ్లకు ఆ జబ్బు వస్తే, పని వల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించాల్సింది యజమాని. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ వృత్తి వ్యాధుల జాబితా ఉంది.

కానీ ఆరు నెలలు పనిచేశామని చూపించే కాగితం కావాలి కదా? కాంట్రాక్టరు కింద చేసేవాళ్ల దగ్గర లేనిది అదే. అపాయింట్‌మెంట్ లెటరు, జీతం స్లిప్పు, ఈఎస్‌ఐ కార్డు పారేయకండి. ఏ డబ్బాలోంచి ఏ మందు తీసి వాడుతున్నారో దాని పేరు ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. ఆస్పత్రికి వెళ్తే మీరు చేసే పనేంటో చీటీ మీద రాయమని డాక్టరును అడగండి. రాసేదాకా కుర్చీలోంచి లేవకండి.