ముద్ర పడేదాకా: డెబియన్ విడుదలల ఆలస్యం

జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియా, ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడల్లో తయారైన విడిభాగం పెద్ద వాహన కంపెనీ గేటు దాటాలంటే ముందు ఇన్‌స్పెక్షన్ కావాలి. గేజ్ పెట్టి కొలతలు చూసి ‘ఓకే’ అనే మనిషికి నెలకింత అని జీతం ఉంటుంది. ఆ మాట ఆలస్యమైతే లారీ ఆగుతుంది, లారీ ఆగితే వెంటనే ఎవరో ఒకరు ఫోన్‌లో నిలదీస్తారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటి ముద్ర ఒకటుంది. దాని పేరు ‘స్టేబుల్’. దాన్ని వేసేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూటో ఆదివారాలో కూర్చునే స్వచ్ఛంద కార్యకర్తలు. ఆలస్యమైందని వాళ్లను పిలిచి అడిగే పై అధికారి ఎవరూ లేరు.

ఈ ముద్ర చరిత్ర వివరంగా నమోదైంది డెబియన్‌లో. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రకటించిన ఈ లినక్స్ పంపిణీ మొదట్లో చిన్నది. ఎవరి ప్యాకేజీ వాళ్లు సరిచూసుకుంటే సరిపోయేది. ప్యాకేజీలు వేలల్లోకి వెళ్లేసరికి ఆ పద్ధతి చాల్లేదు. 2000 చివర్లో డెబియన్ డెవలపర్ ఆంథొనీ టౌన్స్ ‘అన్‌స్టేబుల్’కూ ‘స్టేబుల్’కూ మధ్య ‘టెస్టింగ్’ అనే అంచెను ప్రవేశపెట్టాడు. కొత్త ప్యాకేజీ ముందు ‘అన్‌స్టేబుల్’లోకి వస్తుంది. దానికి ‘సిడ్’ అని పేరు. టాయ్ స్టోరీ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లవాడి పేరది, సరిగ్గా అతికింది. అత్యవసరాన్ని బట్టి 10 రోజులో, 5 రోజులో, 2 రోజులో అక్కడ ఆగి, అన్ని రకాల ప్రాసెసర్ల మీదా బిల్డ్ అయి, కొత్తగా తీవ్రమైన బగ్ ఏదీ తేకపోతే, బ్రిట్నీ అనే ప్రోగ్రామ్ దాన్ని టెస్టింగ్‌లోకి పంపుతుంది.

రోజులు లెక్కపెట్టడం యంత్రానికి ఎంతసేపు? అసలు చిక్కు ఒకదాని మీద ఒకటి ఆధారపడే ప్యాకేజీల దగ్గర వచ్చింది. ఒక లైబ్రరీ మారితే దాన్ని వాడే వందల ప్యాకేజీలు ఒకేసారి కదలాలి. వాటిలో ఒక్కదాన్ని చూసుకునే మెయింటైనర్ పరీక్షలకో పెళ్లికో వెళ్లినా అన్నీ ఆగిపోతాయి. దానికి తోడు 2002 జులై 19న వచ్చిన ‘వుడీ’ విడుదల 11 రకాల ప్రాసెసర్లకు మద్దతిచ్చింది. పాత అమిగాలూ అటారీలూ నడిచే ఎం68కె కూడా అందులో ఒకటి. నెమ్మదిగా నడిచే ఆ యంత్రం మీద బిల్డ్ పూర్తయ్యేదాకా వేగంగా నడిచేవీ ఆగాల్సిందే.

తర్వాతి విడుదల ‘సార్జ్’. 2004 సెప్టెంబరులో తెస్తామని విడుదలలను నడిపే రిలీజ్ టీమ్ చెప్పింది. ఇన్‌స్టాలర్‌ను కొత్తగా రాస్తున్నారు. టెస్టింగ్‌కు భద్రతా సవరణలు బిల్డ్ చేసే ఏర్పాటు సిద్ధం కాలేదు. ఈలోగా అక్టోబరు 20న ఉబుంటు మొదటి కూర్పు వచ్చేసింది. పునాది డెబియన్‌దే, చేసినవాళ్లలో చాలామంది డెబియన్‌వాళ్లే. కాకపోతే ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ వాళ్లకు జీతాలిచ్చాడు, ఆరు నెలలకొక విడుదల అన్నాడు. సార్జ్ మాత్రం 2005 జూన్ 6న గాని రాలేదు. వుడీకీ దానికీ మధ్య దాదాపు మూడేళ్లు.

సార్జ్ రావడానికి మూడు నెలల ముందు వాంకూవర్‌లో రిలీజ్ టీమ్, ఆర్కైవ్ నిర్వాహకులు సమావేశమై ఒక ప్రతిపాదన పెట్టారు. ఇకమీదట విడుదలలో నాలుగు ప్రాసెసర్లే ఉండాలి: ఐ386, పవర్‌పీసీ, ఐఏ64, ఏఎండీ64. మిగతావాటికి ముద్ర బాధ్యత మాది కాదు అన్నారు. పెద్ద గొడవైంది. నా దృష్టిలో ఇరువైపులా న్యాయం ఉంది. మోసేవాడికి బరువు తగ్గించుకునే హక్కుంది. ఇన్నేళ్లు ఆ యంత్రాలను బతికించినవాళ్లకు ఒక్క రాత్రిలో బయటికి పొమ్మంటే కోపం రాదా? చివరికి 2007 ఏప్రిల్ 8న ‘ఎచ్’ వచ్చినప్పుడు ఎం68కె పోయింది, ఏఎండీ64 చేరింది. లెక్క మళ్లీ 11.

ఆ ఎచ్ కోసమే డబ్బు ప్రయోగం జరిగింది. 2006 సెప్టెంబరులో, అప్పటి ప్రాజెక్టు నాయకుడు ఆంథొనీ టౌన్స్, మరికొందరు కలిసి ‘డంక్ ట్యాంక్’ మొదలుపెట్టారు. విరాళాలు పోగుచేసి రిలీజ్ మేనేజర్లు స్టీవ్ లాంగాసెక్, ఆండ్రియాస్ బార్త్‌లకు ఒక్కో నెల పూర్తికాలం పనికి డబ్బిస్తే డిసెంబరు 4 గడువు అందుతుందని ఆశ. అందలేదు. ఇద్దరికి డబ్బు ఇస్తే మిగతా వందలమంది పని ఏమైనట్టు అనే ప్రశ్న లేచింది. నాయకుణ్ణి తొలగించాలని ఓటింగ్ పెట్టారు, అది ఓడిపోయింది. కొందరు మాత్రం తమ పని తగ్గించేశారు. ఊరి జాతరకు అందరూ ఊరికే వచ్చి పనిచేస్తుంటే ఇద్దరికి మాత్రం కూలి కట్టినట్టయింది వ్యవహారం.

జెంటూ అనే మరో లినక్స్ పంపిణీలో ఇదే బరువు మరో రూపంలో కనిపిస్తుంది. అక్కడ పరీక్షలో ఉన్న ప్యాకేజీకి ప్రాసెసర్ పేరు ముందు టిల్డె (~) గుర్తు ఉంటుంది. మామూలుగా 30 రోజులు గడిచి తీవ్రమైన బగ్‌లు లేకపోతే మెయింటైనర్ అర్జీ పెడతాడు. ఆ ప్రాసెసర్ బృందం బిల్డ్ చేసి చూశాకే టిల్డె పోతుంది. బృందంలో మనుషులు లేకపోతే అర్జీలు పేరుకుపోతాయి. 2013లో జెంటూ కౌన్సిల్ ఎం68కె, ఎస్390, ఎస్‌హెచ్ ప్రాసెసర్లకు స్టేబుల్ హోదానే తీసేసి టెస్టింగ్‌లోకి దింపింది.

ముద్ర కోసం ఎదురుచూసే ఈ క్యూలో తెలుగు కూడా చాలాకాలం నిలబడింది. డెబియన్ పాత ఇన్‌స్టాలర్ అక్షరాలను టెక్స్ట్ తెరమీద గళ్లలో పేర్చేది; ఒత్తులూ గుణింతాలూ ఆ గళ్లలో ఇమడవు. ఎచ్‌తో గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ వచ్చాక హిందీ, తమిళం, మలయాళం అందులో చేరాయి. తెలుగు చేరింది 2011 ఫిబ్రవరి 6న వచ్చిన ‘స్క్వీజ్’లో, కన్నడ, సింహళ, లావోలతో పాటు. అనువాదం పూర్తయినంత మాత్రాన అది వాడేవాడి చేతికి రాదు. మొత్తం విడుదలకు ముద్ర పడాలి. స్క్వీజ్‌ను 2009 డిసెంబరులోనే ఫ్రీజ్ చేస్తామని, అంటే కొత్త మార్పులు ఆపేస్తామని, ముందు ప్రకటించి, అభ్యంతరాలొచ్చాక వెనక్కి తగ్గారు. చివరికి 2010 ఆగస్టులో ఫ్రీజ్ అయింది.

ఫ్రీజ్ సమయంలో పని ఎలా సాగుతుందో చూస్తే ఆలస్యం అర్థమవుతుంది. ఒక ప్యాకేజీలో సవరణ లోపలికి రావాలంటే మెయింటైనర్ ‘అన్‌బ్లాక్’ అర్జీ పెట్టి, పాత కొత్త కోడ్‌ల తేడాను జతచేస్తాడు. రిలీజ్ టీమ్‌లో ఒకరు దాన్ని వరసవరసా చదువుతారు. అక్షరదోషం దిద్దితే పర్వాలేదు. సందట్లో సడేమియాగా కొత్త ఫీచర్ దూరిస్తే తిప్పి పంపుతారు. ఇలాంటి అర్జీలు వందలకొద్దీ వస్తాయి, చదివే కళ్లు కొన్నే.

అదే స్క్వీజ్‌కు మరో విశేషముంది. 2014లో మొదలైన దీర్ఘకాల మద్దతు పథకం మొదట దానికే వర్తించి, 2016 ఫిబ్రవరి దాకా సాగింది. డెబియన్ డెవలపర్ రఫాయెల్ హెర్ట్‌జోగ్ సంస్థ ‘ఫ్రీక్సియన్’, కంపెనీల నుంచి డబ్బు పోగుచేసి, భద్రతా సవరణలు చేసే డెబియన్‌వాళ్లకు గంటల లెక్కన చెల్లించింది. డంక్ ట్యాంక్ నాటి రభస ఈసారి జరగలేదు. డబ్బు ప్రాజెక్టు నాయకుడి చేతి మీదుగా రాకపోవడం, పాత విడుదలను మోసే పనికి స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు ఎటూ తక్కువ కావడం అందుకు కారణాలని నేననుకుంటాను.

స్క్వీజ్ తర్వాత డెబియన్ రెండేళ్లకొక విడుదల అనే లయకు దాదాపుగా కట్టుబడింది. 2025 ఆగస్టు 9న ‘ట్రిక్సీ’ వచ్చింది. అందులో అధికారికంగా మద్దతున్న ప్రాసెసర్లు ఏడు. కొత్తగా రిస్క్-వి64 చేరింది. ఐ386కు ఇన్‌స్టాలర్ లేదు, కెర్నెల్ లేదు. పవర్‌పీసీ, ఐఏ64 అంతకు చాలా ముందే వెళ్లిపోయాయి. వాంకూవర్‌లో ఉంచుదామన్న నాలుగింటిలో ఇప్పుడు పూర్తిగా మిగిలింది ఏఎండీ64 ఒక్కటే.