మాగిన టెకీలా: అగావే రుచి, పీపా రుచి

మాగిన టెకీలాను కొంచెం కొంచెంగా చప్పరించి మెచ్చుకోవడం మెక్సికోలో తరతరాల ఆచారమని వ్యాపార కథనాలు చెబుతాయి. 1795లో క్వెర్వో కుటుంబానికి స్పెయిన్ రాజు ఇచ్చిన అనుమతితో మొదలుపెట్టి నేటి ఖరీదైన సీసా దాకా ఒకే వంశవృక్షం చూపిస్తాయి. చరిత్ర అంత సాఫీగా నడవలేదు.

తొలి దశ తెలిసిందే. మెక్సికోలోని హలిస్కో రాష్ట్రంలో కిత్తనార జాతి మొక్క నీలి అగావే గడ్డను ఉడికించి, రసం పిండి, పులియబెట్టి, బట్టీ పెట్టారు. అప్పుడూ పీపాలున్నాయి, కానీ వాటి ముఖ్యమైన పని నిల్వ, రవాణా.

చిక్కంతా 1964 తరవాతి నలభై ఏళ్లలో ఉంది. ఆ ఏడాది నిబంధనలు 30 శాతం, 1970లో 49 శాతం దాకా ఇతర చక్కెరలకు చోటిచ్చాయి. ఉప్పు నాకి, నిమ్మముక్క కొరికి గుటుక్కున మింగే అలవాటుకు ఆ సరుకు చాలు. 1974లో ఎర్రదూరా కంపెనీ కొద్ది నెలలు మాగిన ‘రెపొసాదో’ రకాన్ని మార్కెట్‌కు తెచ్చింది. అక్కడి నుంచి తాగేవాళ్ల అభిరుచి పెరిగిందని, అందుకే మాగిన రకాలు వెలిశాయని అంటారు. నాకు కనిపించే బలమైన కారణం పీపాయే. అమెరికా చట్టం ప్రకారం బర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే మాగబెట్టాలి. ఒకసారి వాడినవి బయటి వారికి అమ్ముడుపోతాయి. అలా హలిస్కో చేరిన పీపాలతోపాటు వనిల్లా, కారమెల్ వాసనలూ వచ్చాయి. విస్కీకి అలవాటుపడిన నాలుక వాటిని ఇట్టే పోల్చుకుంది. ఇదొక్కటే కారణమనను. ఫ్రెంచి ఓక్ వాడినవారున్నారు. 1990ల్లో ఏర్పడిన టెకీలా నియంత్రణ మండలి పర్యవేక్షణకూ, నూరు శాతం అగావే సరుకుకు పెరిగిన గిరాకీకీ ఇందులో వాటా ఉంది. అయినా 2006లో మూడేళ్లు దాటిన సరుకుకు ‘ఎక్స్‌ట్రా అన్యెహో’ అనే తరగతి వచ్చేసరికి వయసే కొలబద్ద అయిపోయింది.

నేటి రసజ్ఞత మీద నా అనుమానం ఇక్కడే. మాగిన రకాల్లో కారమెల్ రంగు, ఓక్ సారం, గ్లిసరిన్, చక్కెర పాకం ఒక శాతం దాకా కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. కాబట్టి ముదురు రంగు, నున్నటి రుచి వయసుకు సాక్ష్యాలు కావు. ‘క్రిస్తలీనో’ అయితే మాగబెట్టి, ఆపైన బొగ్గుతో వడగట్టి ఆ రంగునే తీసేస్తుంది.

అదే తయారీదారు మాగబెట్టని ‘బ్లాంకో’ రకాన్ని పక్కన పెట్టుకుని, మూతి ఇరుకైన గ్లాసులో వాసన చూసి, చిన్న గుక్కతో పోల్చడమే సరైన పరీక్ష. ఉడికిన అగావే తీపి, మిరియపు ఘాటు ఓక్ కింద నలిగిపోకుండా నిలవాలి. ఏడాది నిండిన అన్యెహో ఈ పరీక్షలో తరచుగా నెగ్గుతుంది, ఎక్స్‌ట్రా అన్యెహో అరుదుగా. ధరలు మాత్రం తద్విరుద్ధం.